బ్రోషర్‌లో 3,500, కాటా మీద 2,420: ఒక రొయ్యల ల్యాబ్ ట్రైలర్ కేసు

రొయ్య మేత మానేసిందంటే రైతుకు గంటలు లెక్క. నీళ్లలో లోపమా, తెల్లమచ్చ వ్యాధి మొదలైందా అన్నది ఆ పూటే తెలియాలి. నమూనా సీసా పట్టుకుని పట్నం వెళ్లి ఫలితం కోసం కూర్చునే బదులు ల్యాబే గుంట గట్టుకు వస్తే ఎంతో మేలు. నెల్లూరు తీరంలోని విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల రైతులకు సలహాలిచ్చే ఒక ఆక్వా టెక్నీషియన్ ఈ ఆలోచనతోనే ఒక ట్రైలర్ కట్టించుకున్నారు. లోపల నీటి పరీక్షల బల్ల, వ్యాధి క్రిములను గుర్తించే పి.సి.ఆర్. యంత్రం, ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్, ఏసీ, నీళ్ల ట్యాంకు, రాత్రి నడుం వాల్చడానికి ఒక మంచం ఉన్నాయి. పరీక్ష పరికరాలు తీసేస్తే అది విదేశాల్లో కుటుంబాలు సెలవులకు వెంట లాక్కెళ్లే క్యారవాన్ ట్రైలరే. లాగేది ఆయన సొంత డబుల్ క్యాబ్ డీజిల్ పికప్.

ఆయన నా దగ్గరికి తెచ్చిన సమస్య ఒక్కటే. జాతీయ రహదారి మీద 65, 70 కిలోమీటర్ల వేగం దాటగానే, పక్కనుంచి లారీ గానీ బస్సు గానీ వెళ్లినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది. కావలి వెళ్లే దారిలో ఒకసారి ఆ ఊపు పికప్ వెనుక భాగాన్ని కూడా పక్కకు లాగింది. డ్రైవరు అనుభవజ్ఞుడు. బ్రేకు మీద కాలు పెట్టకుండా, యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని ఆపగలిగాడు. ఆ క్షణంలో చేయవలసింది అదే. గట్టిగా బ్రేకు వేస్తే వెనుక బండి ముందు బండిని నెట్టి అడ్డం తిప్పుతుంది. వేగం పెంచితే ఊపు మరింత పెరుగుతుంది.

పరిష్కారం కూడా వాళ్లే ఆలోచించుకుని వచ్చారు. పికప్ వెనుక కమాను పట్టీలకు ఇంకో పట్టీ వేయించాలని, ట్రైలర్ తగిలించే కొక్కెం ఇంకా మందమైనది బిగించాలని. "బండికి లాగే శక్తి బాగానే ఉంది సార్, 3,500 కిలోలు లాగుతుందని ఇంటర్నెట్‌లో ఉంది. వెనుక కాస్త గట్టిపడితే చాలు" అన్నారు యజమాని.

"అన్నా, ముందు కాటా వేద్దాం. ఆ తర్వాతే పట్టీల సంగతి" అన్నాను.

ఆ 3,500 గురించి చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే చాలామంది ఆ సంఖ్యతోనే వస్తారు. ఆస్ట్రేలియాలో ఈ తరగతి డబుల్ క్యాబ్ పికప్‌లకు కంపెనీలు మామూలుగా ఇచ్చే పరిమితి, ట్రైలర్‌కు బ్రేకులుంటే 3,500 కిలోలు, లేకపోతే 750 కిలోలు. అది ఆ దేశంలో అమ్మే మోడలుకు, దానికి వేసిన రేడియేటరుకు, గేర్ నిష్పత్తికి, ఛాసిస్‌కు, కొక్కేనికి కలిపి ఇచ్చిన మాట. పేరు ఒకటే అయినంత మాత్రాన ఇక్కడి బండికి ఆ మాట వర్తించదు. అమెరికాలో ఈ సంఖ్యను తేల్చడానికి ఎస్.ఎ.ఇ. అనే ఇంజనీర్ల సంఘం రూపొందించిన జె2807 ప్రమాణం ఉంది. 12 శాతం ఏటవాలు మీద నిలిచిన బండి ట్రైలర్‌తో సహా మళ్లీ మళ్లీ కదలాలి. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు మీద 11.4 మైళ్లు, ఎండలో, ఏసీ పూర్తిగా వేసుకుని, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. ఆ లెక్కలో బండిలో ఉండేది 68 కిలోల డ్రైవరు, అంతే బరువున్న మరో మనిషి, కొద్దిపాటి కొక్కెం సామాను మాత్రమే. వెనుక తొట్టెలో వలలు, డబ్బాలు, పనిముట్లు ఉండవు. మనం తొట్టెలో వేసే ప్రతి కిలో ఆ లాగే సంఖ్యలోంచి తరుగుతుందని బ్రోషర్ చూసినవాళ్లకు తట్టదు.

అందుకని ఇక్కడి బండి పలక మీద ఉన్నవి, యజమాని మాన్యువల్‌లో ఉన్నవి, తయారీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్నవి మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. పికప్ స్థూల బరువు, అంటే మనుషులు, సామానుతో సహా మొత్తం బరువు పరిమితి 2,900 కిలోలు. వెనుక ఇరుసు పరిమితి 1,850. బ్రేకులున్న ట్రైలర్ 1,800 కిలోల వరకు. కొక్కెం మీద పడే బరువు 180 దాటకూడదు. పికప్, ట్రైలర్ రెండూ కలిపి 4,500. ఈ చివరి సంఖ్యను గమనించండి. 2,900కు 1,800 కలిపితే 4,700 అవుతుంది, కంపెనీ అనుమతించేది 4,500. అంటే బండిని నిండా నింపి, ట్రైలర్‌నూ నిండా నింపి లాగే వీలు కాగితం మీదే లేదు. ఒకటి నిండితే ఇంకోటి తగ్గాలి.

కాటా వేయడంలో ఒక క్రమం ఉంది. ధాన్యం లారీలు తూచే వేబ్రిడ్జి చాలు, కానీ ఒక్క తూకం చాలదు. మొదట ట్రైలర్ విప్పేసి పికప్ ఒక్కదాన్ని తూచాం, ముందు చక్రాలు విడిగా, వెనుక చక్రాలు విడిగా. ఆ తర్వాత ట్రైలర్ తగిలించి ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసు విడివిడిగా తూచాం. మనుషులు ఎక్కే ఉండాలి, డీజిల్ నిండా ఉండాలి, ట్యాంకులో నీళ్లుండాలి, సీసాలు, రసాయనాలు, మంచం మీద పరుపుతో సహా పనికి బయలుదేరే రోజున ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ఖాళీ బండిని తూచి తెచ్చిన కాటా చీటీ నాకు పనికిరాదు.

చీటీల ప్రకారం పికప్ విడిగా ముందు 1,140, వెనుక 1,310, మొత్తం 2,450. ట్రైలర్ తగిలించాక ముందు 1,110, వెనుక 1,410, మొత్తం 2,520. ట్రైలర్ ఇరుసు మీద 2,350. పికప్ మీద పెరిగిన 70 కిలోలే ట్రైలర్ కొక్కెం మీద వేస్తున్న బరువు. అది కూడా కలిపితే ట్రైలర్ అసలు బరువు 2,420. రెండు బండ్లూ కలిపి 4,870.

వేబ్రిడ్జి పది కిలోల మెట్టుతో తూస్తుంది. రెండు పెద్ద తూకాల మధ్య తేడా తీసినప్పుడు ఆ పది కిలోలు పెద్ద పొరపాటే అవుతాయి. అందుకే కొక్కెం బరువును మళ్లీ నేరుగా తూచాం. రొయ్యలు పట్టే రోజున క్రేట్లు తూచే ఎలక్ట్రానిక్ కాటా యజమాని దగ్గరే ఉంది. సమతలమైన నేల మీద దాన్ని పెట్టి, పికప్ కొక్కెం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు వచ్చేలా ఇనుప గొట్టం ముక్క నిలబెట్టి, ట్రైలర్ ముందు కొనను దాని మీద దించాం. 68 చూపించింది. ఈ పద్ధతిని తీరంలో ఎవరైనా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టడం మాత్రం మరచిపోకూడదు.

ఇక చీటీలు చెప్పినదేమిటో చూద్దాం. కట్టిన షెడ్డువాళ్లు ట్రైలర్ "సుమారు టన్ను" అన్నారట. ఖాళీ పెట్టె ఒక్కటే 1,310 ఉంది. కంపెనీ అనుమతించిన 1,800 కంటే ట్రైలర్ 620 కిలోలు ఎక్కువ. కలిపిన బరువు 4,500 కంటే 370 ఎక్కువ. ట్రైలర్ సొంత ఆర్.సి.లో రాసిన స్థూల బరువు 1,750 మాత్రమే. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పడుతుంది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర వచ్చే చిక్కు దానికన్నా పెద్దది.

అయినా నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది టైర్లు. ట్రైలర్‌కు ఒకే ఇరుసు, రెండు 185 ఆర్14 టైర్లు. పక్కన 102 అని అచ్చు ఉంది, అంటే ఒక్కో టైరు సరైన గాలితో 850 కిలోలు మోయగలదు. రెండూ కలిపి 1,700. వాటి మీద 2,350 పడుతోంది. మే నెలలో తారురోడ్డు కాలిపోతున్నప్పుడు ఒక్కో టైరు తన శక్తికి మించి 325 కిలోలు మోస్తూ 70 వేగంతో తిరిగింది. ఊపు గురించి ఫిర్యాదు వచ్చింది కాబట్టి సరిపోయింది. టైరు పగిలి ఉంటే ఆ పక్కన వెళ్లే మోటారు సైకిలువాళ్ల గతి ఏమిటి? ట్రైలర్ కట్టించే ప్రతి ఒక్కరూ బాడీ రంగు కన్నా ముందు టైరు పక్కనున్న ఆ మూడంకెల సంఖ్యను చదవాలి. షెడ్డుల్లో దాన్ని ఎవరూ చదవడం లేదు, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఊపుకు అసలు కారణం మాత్రం బరువు ఎంత అన్నదానికన్నా బరువు ఎక్కడ అన్నదానిలో ఉంది. ఒకే ఇరుసున్న ట్రైలర్ కావడి లాంటిది. ఇరుసు భుజం అనుకుంటే, వెనుక కుండ బరువెక్కిన కొద్దీ ముందు కొన తేలిపోతుంది. 2,420 కిలోల ట్రైలర్ కొక్కెం మీద 70 కిలోలే వేస్తోందంటే 3 శాతం కూడా లేదు. అమెరికా పద్ధతిలో 10 నుంచి 15 శాతం ఉంచుతారు. యూరప్‌లో తక్కువ వేగాలకు, తేలికైన క్యారవాన్‌లకు 4 నుంచి 7 శాతంతో నడుపుతారు. మన బండికి రెండు పద్ధతుల ప్రకారం చూసినా తక్కువే. కొక్కెం నుంచి ఇరుసుకు 3.6 మీటర్లు. లెక్క వేస్తే ట్రైలర్ గరిమనాభి, అంటే దాని బరువంతా సమతూగే చోటు, ఇరుసుకు పది సెంటీమీటర్లు మాత్రమే ముందుంది. లారీ తోసిన గాలికి పెట్టె ఒకసారి పక్కకు జరిగితే, దాన్ని తిరిగి సరిచేసే బలం చాలదు. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందటి దానికన్నా పెద్దదవుతుంది. కమాను పట్టీ వేసినా, కొక్కెం మార్చినా ఇది పోదు. పైగా పట్టీ వేసినంత మాత్రాన ఇరుసు, బేరింగులు, ఛాసిస్ ఎక్కువ మోయగలిగేవి కావు. పలక మీద ఉన్న సంఖ్య అలాగే ఉంటుంది, బండి వంగకపోవడం వల్ల అధిక బరువు కంటికి కనిపించకుండా పోతుంది, అంతే.

లోపల ఏది ఎక్కడుందో టేపు పెట్టి కొలిచాం. వెనుక మూలలో, ఇరుసుకు మీటరున్నర వెనుక 120 కిలోల డీజిల్ జనరేటర్. ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక, బల్ల కింద 300 లీటర్ల నీళ్ల ట్యాంకు. ముందువైపు నాలుగు ఇన్వర్టర్ బ్యాటరీలు, ఒక్కోటి 60 కిలోలు. రెండు పక్కలా బల్లల మీద చీమకుర్తి నల్ల గ్రానైట్, 20 మిల్లీమీటర్ల మందం. ఆ రాయి చూడముచ్చటగా ఉంది, ఆమ్లం చుక్క పడినా చెక్కు చెదరదు, ల్యాబుకు మంచి ఎంపికే. కానీ చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు. రెండు బల్లలకు కలిపి 170. నేల మీద కట్టిన భవనంలో ఆ బరువు ఎవరికీ పట్టదు, చక్రాల మీద కట్టిన గదిలో ప్రతి గుంటకూ దాన్ని మోయాలి.

బరువు తగ్గించే లక్ష్యం ఎలా పెట్టుకోవాలన్నది ఇంకో నిర్ణయం. పరిమితికి సరిగ్గా తగిలేలా కాకుండా దాదాపు పదో వంతు వదిలి లెక్క కట్టడం నా పద్ధతి. నెల్లూరు తీరంలో దారి చదునే, కానీ పని జరిగేది దారి మీద కాదు. గుంటల గట్లు నల్లమట్టివి. ఈశాన్య రుతుపవనాల వర్షాలకు అవి మెత్తబడినప్పుడు మొదటి గేర్‌లో, క్లచ్ మీద, నిటారుగా ఉన్న చిన్న ఎక్కుడు ఎక్కవలసి వస్తుంది. ఇంకోవైపు ఆత్మకూరు మీదుగా బద్వేలు వెళ్లే 67వ నంబరు రహదారి వెలిగొండలను దాటుతుంది. ఆ దారిలో కూడా ట్రైలర్ తీసుకెళ్లే ఉద్దేశం ఉందని యజమాని చెప్పారు. రోహిణి కార్తె ఎండలో ఏసీ వేసుకుని ఆ కొండ ఎక్కే బండికి కొంత ఊపిరి మిగల్చాలి.

తరుగుదల ఇలా వచ్చింది. జనరేటర్ మీద కొంత చర్చ జరిగింది. రొయ్యల గుంట ఉన్న చోటల్లా నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లకు కరెంటు కనెక్షన్ ఉంటుంది, కరెంటు పోతే రైతు సొంత జనరేటరే ఉంటుంది. ట్రైలర్‌లో మోసుకెళ్లవలసిన అవసరం లేదు. అత్యవసరానికి 25 కిలోల చిన్న పెట్రోల్ జనరేటర్ చాలన్నాను. అక్కడ 95 తగ్గింది. ట్యూబులర్ బ్యాటరీల స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేయించడంతో 170 తగ్గింది. ఖర్చు ఎక్కువే అయింది, ఈ మార్పులన్నిటిలో ఆయన వెనకాడింది ఇక్కడే. గ్రానైట్ తీసి రసాయనాలకు తట్టుకునే లామినేట్ పలకలు వేశాం, 130. నేలకు వేసిన గళ్ల ఇనుప రేకు చదరపు మీటరుకు పాతిక కిలోలు, దాన్ని మెరైన్ ప్లైవుడ్‌తో మారిస్తే మరో 125. వెనుకనున్న ఇనుప అరలు అల్యూమినియంలోకి మారి 40 ఇచ్చాయి.

నీళ్ల దగ్గర ఆగాలి. ఒక లీటరు ఒక కిలో అని బడిలో చదివిన వాళ్లే ట్యాంకు బరువు అడిగితే ఖాళీ ట్యాంకు బరువు చెబుతారు. ప్రయాణంలో ట్యాంకు నింపవద్దని యజమానికి చెప్పి ఊరుకోవచ్చు. కానీ ట్యాంకు 300 లీటర్లది అయితే ఏదో ఒక రోజు, ఎవరో ఒకరు దాన్ని నింపుతారు. అందుకని ట్యాంకునే 100 లీటర్లది వేయించాను. సగం నిండినప్పుడు నీళ్లు అటూ ఇటూ కొట్టకుండా లోపల అడ్డు రేకులు పెట్టించాను. తాగేందుకు 20 లీటర్ల డబ్బాలు ఏ ఊరిలోనైనా దొరుకుతాయి. ఇంకో ముఖ్యమైన మార్పు ట్యాంకును సరిగ్గా ఇరుసు మీదికి తేవడం. పాత చోటే ఉంచితే నిండినప్పుడు కొక్కెం బరువు తగ్గుతుంది, ఖాళీ అయినప్పుడు పెరుగుతుంది. బండి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా నడుస్తుంది. డ్రైవరుకు ఇంతకన్నా ప్రమాదకరమైనది లేదు. ఇరుసు మీద ఉన్న నీళ్లు నిండినా ఖాళీ అయినా ముందు కొన బరువును మార్చవు.

బ్రేకుల్లో కూడా లోపం బయటపడింది. ట్రైలర్ ముందుకు నెట్టినప్పుడు తనంతట పట్టే ఓవర్‌రన్ బ్రేకులు బిగించారు గానీ, కడ్డీ సర్దుబాటు లేక ఒక చక్రమే పడుతోంది. ఒక వైపే పట్టే బ్రేకు ట్రైలర్‌ను పక్కకు లాగుతుంది, అసలే ఊగే బండికి అది మరో తోపు. రెండు వైపులా సమానం చేశాం. కొక్కెం జారిపోతే బ్రేకు దానంతట అది పడే తాడు కూడా కట్టించాం. మన ప్రమాణాల్లో 0.75 టన్ను వరకు ఉన్న ట్రైలర్లు టి1, అక్కడి నుంచి 3.5 టన్నుల వరకు టి2 తరగతి. కట్టించేవాళ్లు రెండింటినీ ఒకే రకంగా చూస్తున్నారు. చిన్న పడవ ట్రైలర్‌కు, ఇలాంటి గదికి ఒకే లెక్క పనికిరాదు.

మార్పుల తర్వాత మళ్లీ అదే వేబ్రిడ్జి, అదే క్రమం, నిండిన 100 లీటర్ల ట్యాంకుతో. తగిలించినప్పుడు పికప్ ముందు 1,080, వెనుక 1,530. ట్రైలర్ ఇరుసు మీద 1,510. మొత్తం 4,120. ట్రైలర్ బరువు 1,670, అందులో కొక్కెం మీద 160. రొయ్యల కాటా మీద అది 161 చూపించింది. శాతంలో 9.6. అమెరికా లెక్కలో పదికి కొంచెం తక్కువ. కానీ ఈ బండి కొక్కెం పరిమితి 180 కాబట్టి అంతకన్నా పైకి తోయలేదు. అమెరికా సంఖ్య కోసం ఇక్కడి పరిమితిని దాటడం నాకు సమ్మతం కాదు. ఒక్కో టైరు మీద 755, అంటే శక్తి లోపలే. కొక్కెం మీద 160 పడితే పికప్ వెనుక ఇరుసు మీద 220 పెరగడం, ముందు 60 తగ్గడం చూసి డ్రైవరు ఆశ్చర్యపోయాడు. కొక్కెం వెనుక ఇరుసుకు 1.2 మీటర్లు వెనుక ఉంది కాబట్టి అది తులాదండంలా పనిచేసి ముందు చక్రాలను కొంత ఎత్తుతుంది. ముందు చక్రాలు ఎక్కువ తేలిపోతే స్టీరింగు, బ్రేకు రెండూ బలహీనపడతాయి. ఇక్కడ ముందు తగ్గింది 5 శాతమే, అందుకు ఇబ్బంది లేదు.

తెల్లవారుజామున రద్దీ లేని వేళ జాతీయ రహదారి మీద కావలి వైపు నడిపి చూశాం. 40తో మొదలుపెట్టి పదేసి కిలోమీటర్లు పెంచుకుంటూ, ప్రతి వేగంలోనూ స్టీరింగును కొద్దిగా కదిపి ఊపు ఎంతసేపట్లో ఆగుతుందో గమనించాం. 80 దగ్గర కూడా ఒకటి రెండు ఊపుల్లో సర్దుకుంది. అయినా 70 దాటవద్దనే రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ పెట్టె వెడల్పుకు తీరపు అడ్డగాలి తగిలితే లెక్క వేరుగా ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ గాలికి కొదువ ఉండదు.

కాగితాలు ఇచ్చేనాటికి యజమాని ఇంకో కోరిక చెప్పారు. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే 35 కిలోల ఆటోక్లేవ్ పెట్టుకోవాలి, జనరేటర్ తీసిన వెనుక మూల ఖాళీగా ఉంది కదా అని. ఆ మూలలో పెడితే కొక్కెం బరువు దాదాపు 15 కిలోలు తగ్గుతుంది, శాతం 8.5కు దిగుతుంది. ముందు గోడ దగ్గర, ఇరుసుకు 1.2 మీటర్ల ముందు పెడితే 172 అవుతుంది, 180 లోపలే. ట్రైలర్ బరువు 1,705, ఆర్.సి.లోని 1,750కి ఇంకా 45 మిగులుతుంది. ముందు గోడకు బిగించుకోమని, బిగించాక మళ్లీ కాటా వేసి చీటీ పంపమని చెప్పాను. వెనుక మూలలో తేలికపాటి ఖాళీ సీసాల పెట్టెలు పెట్టుకున్నారు.